వేసవి విందులు – పిల్లల ఆటలు

వేసవి అనగానే మండుటెండలు, ఉక్కపోత స్ఫురించడం సహజం. తిరుపతి, శ్రీకాళహస్తి ప్రాంతాలలో మే నెలలో ఉష్ణోగ్రత తరచుగా 40 డిగ్రీల సెల్సియస్‌ను దాటుతుంది. అయినప్పటికీ బాలబాలికలకు ఈ ఋతువు సెలవుల కాలం, సంబరాల కాలం. తాపాన్ని కలిగించే ప్రకృతియే ఆ తాపాన్ని తీర్చే మామిడి, తాటిముంజ, చెరకు వంటి వాటిని కూడ ప్రసాదిస్తుంది. చిత్తూరు సీమ ప్రజలు వాటితో పిల్లలకు కావలసిన చిరుతిండ్లను, ఆటవస్తువులను తరతరాలుగా ఇంటిపట్టునే సమకూర్చుకొంటున్నారు.

ఋతువుకు తగిన ఆహారం తీసుకోవాలన్న భావన మన సాహిత్యంలోనూ కనిపిస్తుంది. 1509 నుండి 1529 వరకు విజయనగరాన్ని పాలించిన శ్రీకృష్ణదేవరాయలు తిరుమలను పలుమార్లు దర్శించిన భక్తుడు. ఆయన రచించిన ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుడు అతిథులకు ఏ ఋతువులో ఏమి వడ్డించేవాడో వర్ణన ఉంది. వేసవి భోజనంలో పలుచని అంబలి, చెరకురసం, లేత కొబ్బరినీరు, పండ్లు, సువాసన గల చల్లని నీరు, ఊరవేసిన మామిడిపిందెలు, మజ్జిగ చోటు చేసుకొన్నాయి. ఐదు శతాబ్దాలు గడచినా ఈ పదార్థాలలో అనేకం నేటికీ రాయలసీమ ఇండ్లలో వాడుకలో ఉండడం గమనింపదగిన విషయం.

వీటిలో అంబలి ముఖ్యమైనది. రాగిపిండిని రాత్రి నీటిలో కలిపి పులియనిచ్చి, ఉదయం కాచి చల్లార్చి, మజ్జిగ, ఉప్పు, తరిగిన ఉల్లిపాయలు చేర్చి తాగుతారు. నూరు గ్రాముల రాగులలో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. ఎముకలు పెరిగే వయస్సులో ఇది ఎంతో మేలు చేస్తుంది. చెమటతో శరీరం నీటిని, లవణాన్ని కోల్పోతుంది. ఉప్పు వేసిన మజ్జిగ ఆ రెండింటినీ తిరిగి అందిస్తుంది.

మామిడితోటలకు పేరుగన్న ఈ సీమలో తాండ్ర తయారీ పిల్లలకు ఇష్టమైన పని. పండ్ల రసాన్ని పిండి, బెల్లం కలిపి, శుభ్రమైన చాపపై పలుచగా పూసి ఎండబెడతారు. ఒక పొర ఆరిన పిదప మరొక పొర పూయాలి. తగినంత మందం రావడానికి కొన్ని రోజులు పడుతుంది. కాకులు వాలకుండా కావలి కాయడం, పొర ఆరినదో లేదో చూడడం పిల్లల వంతు. త్వరపడితే తాండ్ర చెడుతుంది కనుక ఓర్పు దానంతట అదే అలవడుతుంది. వేయించి పొట్టు తీసిన చెనిగ్గింజలను పెద్దలు బెల్లపు పాకంలో కలిపి ఇస్తే, గోరువెచ్చగా ఉన్నప్పుడే ఉండలు చుట్టడం కూడ పిల్లలకు సరదాయే.

మిట్టమధ్యాహ్నం ఎండలో తిరగడం ప్రమాదకరం. ఆ వేళకు నీడపట్టు ఆటలు ఉన్నాయి. వేసవికి ముందే చింతపండు కొట్టి గింజలు తీసే ఇండ్లలో వామనగుంటల ఆటకు కావలసిన గింజలు కానీ ఖర్చు లేకుండా లభిస్తాయి. ఏడేసి గుంటల రెండు వరుసలలో ఐదేసి గింజలు పోస్తే మొత్తం డెబ్బై. ఆటగాడు తన వరుసలోని ఒక గుంటలోని గింజలన్నీ తీసి, తరువాతి గుంటలలో ఒక్కొక్కటిగా పంచుతాడు. చేతిలోనివి అయిపోతే ఆ పక్క గుంటలోనివి తీసి పంపకం కొనసాగిస్తాడు. ఆ గుంట ఖాళీగా ఉంటే దాని తరువాతి గుంటలోని గింజలు అతనికి దక్కుతాయి. ఎక్కడ మొదలుపెడితే ఎక్కడ ముగుస్తుందో ముందుగా లెక్కించగలవాడే గెలుస్తాడు. మూడు పులులు, పదిహేను మేకలతో ఆడే పులిజూదం వ్యూహాన్ని నేర్పుతుంది. బలవంతుడైన పులిని బలహీనమైన మేకలు ఐకమత్యంతో కట్టడి చేయడం ఇందులోని నీతి.

ఎండ చల్లబడిన తరువాత ఆటలు వీధిలోకి వస్తాయి. ముంజలు తిన్న తాటికాయలు రెండింటిని ఒక పుల్లకు రెండు వైపులా గుచ్చి, పంగలకర్రతో తోస్తే బండి సిద్ధం. తాటాకు ముక్కలను మడిచి తుమ్మముల్లుకు గుచ్చితే గాలికి తిరిగే గిరక అవుతుంది. మే నెలలో జరిగే తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతరలో వేషధారణకు కూడ ఇంటి వస్తువులే ఆధారం. బైరాగి వేషానికి తెల్లని సుద్ద, బండవేషానికి కుంకుమ, తోటివేషానికి బొగ్గుపొడి, వేపమండలు చాలు. పెద్దలతోపాటు చిన్నారులు కూడ ఈ వేషాలు ధరించి మొక్కులు చెల్లిస్తారు.

ఈ విద్యలను పిల్లలు అవ్వాతాతల పక్కన కూర్చొని, చూసి, చేసి నేర్చుకొన్నారు. ఒక్క తరం వీటిని విడిచిపెడితే తరువాతి తరానికి నేర్పేవారు కరవవుతారు. సెల్‌ఫోను తెర ముందు గడిచే మధ్యాహ్నాలు పెరుగుతున్న నేటి కాలంలో ఆ ప్రమాదం మరింత చేరువైంది. మూడు తరాలు ఒకే కప్పు కింద చేరే అవకాశం వేసవి సెలవులలోనే ఎక్కువగా లభిస్తుంది. కనుక విద్యార్థులు ఈ సెలవులలో తమ ఇంటి పెద్దలను అడిగి ఒక ఆటనైనా, ఒక వంటకాన్నైనా నేర్చుకొని, తమకంటె చిన్నవారికి నేర్పడం అవసరం. గుప్పెడు చింతగింజలతో పాటు ఒక తరం అనుభవం కూడ అలా చేతులు మారుతుంది.