ఆటలాడే ఆడపిల్లలు: నోరు విప్పి చెప్పుకోలేని ఇబ్బంది

మీ ఇళ్ళ ఆడపిల్లలు ఎందరో పల్లెలు విడిచి దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ హాస్టళ్ళలో ఉంటూ పోలీసు ఉద్యోగాలకు తయారవుతున్నారు. 2022 నాటి తెలంగాణ పోలీసు నియామకాలలో ఆడపిల్లలకు 800 మీటర్ల పరుగు, లాంగ్ జంప్, షాట్‌పుట్ పెట్టారు. ఆ పరీక్షలు దాటనివారికి చివరి వ్రాత పరీక్ష లేదు. అందుకని పిల్లలు తెల్లవారకముందే లేచి పరుగులు, గెంతులు సాధన చేస్తారు.

గెంతి నేలమీద పడినప్పుడు కొందరికి కొద్దిగా మూత్రం జారిపోతుంది. పిల్ల సిగ్గుతో ఎవరికీ చెప్పదు. నల్ల ప్యాంటు వేసుకుంటుంది, నీళ్ళు తాగడం తగ్గిస్తుంది, కొన్నాళ్ళకు మైదానానికి వెళ్ళడమే మానుకుంటుంది. ఇంటికి ఫోను చేసి ఆ ఉద్యోగం నాకిష్టం లేదమ్మా అంటుంది. అసలు సంగతి తల్లికి తెలియదు.

తెలిసినా, కాన్పులైన ఆడవాళ్ళకు వచ్చేది పెళ్ళికాని పిల్లకేమిటని తల్లి భయపడుతుంది. కొందరి మనసు చెడ్డ అనుమానాలకు కూడా పోతుంది. ఇది ఎంతో అన్యాయమని మేము గట్టిగా చెబుతున్నాము. 1994లో అమెరికాలో ఒక్క కాన్పు కూడా కాని 144 మంది కాలేజీ క్రీడాకారిణులను అడిగితే, 40 మంది ఆడేటప్పుడు మూత్రం జారుతున్నదని చెప్పారు. జిమ్నాస్టిక్స్ చేసేవారిలో ముగ్గురిలో ఇద్దరికి ఈ బాధ ఉన్నది. గెంతే పని లేని గోల్ఫ్‌లో ఒక్కరికీ లేదు. కనుక తప్పు పిల్ల నడతలో లేదు, గెంతులో ఉన్నది.

నులకమంచము తెలియనివారు మనలో లేరు. మన పొత్తికడుపు అడుగున కూడా నులక అల్లికవంటి కండరాలున్నాయి. మూత్రపు సంచిని అవే మోస్తాయి. గెంతి పడినప్పుడు కడుపులోని ఒత్తిడి ఒక్కసారిగా వాటిమీద పడుతుంది. అవి అలసినా, సడలినా మూత్రం ఆగదు. నులక సడలితే బిగించుకుంటాము గాని మంచాన్ని పారవేయము గదా!

బిగించే విధానము 1948లో ఆర్నాల్డ్ కెగెల్ అనే అమెరికా వైద్యుడు ప్రచారంలోకి తెచ్చాడు. దీనికి ఖర్చు లేదు. మూత్రాన్ని, అపానవాయువును ఆపుకుంటున్నట్టుగా లోపలి కండరాలను పైకి బిగించి, అయిదు అంకెలు లెక్కపెట్టి వదలాలి. వదిలాక అంతసేపు విశ్రాంతి ఇవ్వాలి. ఇలా పదిసార్లు, రోజుకు మూడు పూటలు చేయాలి. ఊపిరి బిగబట్టకూడదు, తొడలు బిగించకూడదు. మూత్రం పోసేటప్పుడు మాత్రం ఈ సాధన చేయవద్దు. గుణం కనిపించడానికి మూడు నెలలైనా పట్టవచ్చు. గెంతబోయే క్షణంలో అలా బిగించడం అలవాటైతే మరింత మేలు.

నీళ్ళు మానడం మాత్రం పెద్ద పొరపాటు. మూత్రం చిక్కబడి మంట పుడుతుంది, ఎండలో పరుగెత్తే పిల్ల సొమ్మసిల్లుతుంది. మలబద్ధకముతో ముక్కడం కూడా ఆ కండరాలకు చేటే. సన్నబడాలని తిండి తగ్గించి, నెలసరి ఆగిపోయిన పిల్లను తప్పక వైద్యులకు చూపించాలి.

ప్రార్థన కూటములలో షుగరు కొరకు, మోకాళ్ళ నొప్పుల కొరకు మనవి చేస్తాము గాని దీని మాట ఎత్తము. మార్కు సువార్త 5వ అధ్యాయములోని స్త్రీ కూడా పన్నెండేండ్లు చెప్పుకోలేని బాధనే మోసింది. ప్రభువు ఆమెను కసరలేదు, కుమార్తె అని పిలిచాడు. తల్లి గాని, పాస్టరమ్మగారు గాని అంత మెత్తగా అడిగితే పిల్ల తప్పక చెబుతుంది. కోచ్ మగవాడైతే ఆయనతో పిల్ల తరఫున పెద్దవారే మాట్లాడడం మంచిది.

మంట, జ్వరము, మూత్రంలో రక్తము, కాళ్ళ తిమ్మిరి ఉంటే ఆలస్యం చేయవద్దు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఉన్న పిల్లకు కోఠి సుల్తాన్‌బజార్ ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రి దూరం కాదు. పేరు ప్రసూతి ఆసుపత్రి అయినా అక్కడ స్త్రీల వ్యాధులన్నీ చూస్తారు. వెళ్ళేముందు మూడు రోజులపాటు ఎన్ని నీళ్ళు తాగింది, ఎన్నిసార్లు మూత్రానికి వెళ్ళింది, ఏ పని చేస్తుండగా జారింది అన్నది ఒక కాగితముమీద వ్రాసుకొమ్మనండి. నోటితో చెప్పడానికి సిగ్గుపడే పిల్ల ఆ కాగితాన్ని డాక్టరమ్మ చేతికిస్తే చాలు.