బెల్ట్ గన్ రీల్స్ చూస్తున్నారా? మొయినాబాద్‌లో అయినా, డల్లాస్‌లో అయినా ముందు ఇది తెలుసుకోండి

ఈ ఎపిసోడ్ టాపిక్ తుపాకులు. అది కూడా మామూలు తుపాకులు కాదు, పాత యుద్ధాల్లో వాడిన బెల్ట్ గన్స్. కేజీఎఫ్ చాప్టర్ 2లో రాఖీ పోలీస్ స్టేషన్ మీద పేల్చి, ఎర్రగా కాలిన బ్యారెల్‌తో సిగరెట్ వెలిగించుకుంటాడు చూడండి, అలాంటివి. ఇన్‌స్టాలో, యూట్యూబ్‌లో అమెరికా వాళ్లు వీటిని ఇంట్లో వరుసగా పెట్టుకుని, "ఇది నా కలెక్షన్" అని చూపిస్తుంటారు. మన పిల్లలు కింద కామెంట్లలో అడుగుతున్నారు: "బ్రో, ఇది లీగల్ ఆ? మనం కొనొచ్చా?"

ఈ ప్రశ్న మొయినాబాద్, చేవెళ్ల వాళ్లకి రెండు రకాలుగా తగులుతుంది. ఒకటి, మన రోడ్డు పొడుగునా ఫామ్‌హౌస్‌లు, ఫంక్షన్లు. రెండు, అజీజ్‌నగర్, చిలుకూరు చుట్టూ ఇంజినీరింగ్ కాలేజీలు. అక్కడ చదివి ఎంఎస్‌కి అమెరికా వెళ్లేవాళ్లు చాలామంది. అందుకే ఇక్కడి చట్టం, అక్కడి చట్టం రెండూ చెప్తాను.

అసలు ఆ గన్ ఏంటి?

1884లో హైరమ్ మాగ్జిమ్ అనే ఆయన లండన్‌లో మొదటి నిజమైన మెషిన్ గన్ తయారు చేశాడు. ఒక తూటా పేలినప్పుడు వచ్చే వెనక్కి తన్నే శక్తితోనే తర్వాతి తూటా లోడ్ అవుతుంది. తూటాలన్నీ ఒక గుడ్డ బెల్ట్‌లో వరుసగా గుచ్చి ఉంటాయి. దాని నుంచే బ్రిటిష్ వాళ్ల వికర్స్ వచ్చింది. ప్రపంచ యుద్ధాల్లో మన భారత సైనికులు కూడా వికర్స్ వాడారు. అమెరికా వాళ్లది బ్రౌనింగ్ ఎం1919, ఒక బెల్ట్‌కి 250 తూటాలు. జర్మన్ల ఎంజీ42 అయితే నిమిషానికి దాదాపు 1,200 తూటాలు కాల్చేది.

ఇవన్నీ ఫుల్ ఆటోమేటిక్. ట్రిగ్గర్ నొక్కి పట్టుకుంటే బెల్ట్ అయిపోయేదాకా పేలుతూనే ఉంటాయి. సెమీ ఆటోమేటిక్ అంటే లోడ్ అవ్వడం దానంతట అదే అవుతుంది, కానీ ఒక్కసారి నొక్కితే ఒక్క తూటానే. ఇంకోటి కాల్చాలంటే మళ్లీ నొక్కాలి. బయటికి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. రీల్‌లో మీకు కనిపించేది ఈ రెండో రకం కావొచ్చు.

అమెరికాలో ఎలా కుదురుతోంది?

అక్కడ 1934లో నేషనల్ ఫైర్‌ఆర్మ్స్ యాక్ట్ వచ్చింది. మెషిన్ గన్ ఉంటే రిజిస్టర్ చేయాలి, చేతులు మారితే 200 డాలర్ల పన్ను కట్టాలి. ఆ రోజుల్లో 200 డాలర్లంటే మామూలు డబ్బు కాదు. తర్వాత 1986 మే 19 నుంచి, మామూలు జనానికి కొత్త మెషిన్ గన్‌లు పూర్తిగా బంద్. అంతకు ముందు రిజిస్టర్ అయినవి మాత్రమే అమ్ముకోవచ్చు. సరుకు పెరగదు, కొనేవాళ్లు పెరుగుతారు, కాబట్టి ఒక్కోటి ఇప్పుడు పదుల వేల డాలర్లు.

అంత పెట్టలేని కలెక్టర్ల కోసం సెమీ వెర్షన్లు వచ్చాయి. పాత మిలిటరీ గన్‌ని ముక్కలుగా కోసి పనికి రాకుండా చేశాక, మిగిలిన భాగాలతో కొన్ని కంపెనీలు కొత్త బాడీ వేసి, ఫుల్ ఆటో పార్టులు పట్టని డిజైన్‌లో మళ్లీ తయారు చేస్తాయి. దాన్ని చాలా రాష్ట్రాల్లో మామూలు రైఫిల్‌లాగే అమ్ముతారు, కొన్ని రాష్ట్రాల్లో అదీ కుదరదు. అంటే రీల్‌లో ఉన్నాయన వెనక ఆ దేశపు చట్టం, 90 ఏళ్ల రూల్స్, లక్షల రూపాయల ఖర్చు ఉన్నాయి. వీడియోలో కనిపించేది 30 సెకన్లు మాత్రమే.

ఎఫ్-1 వీసా మీద ఉన్నవాళ్లు ఇది తప్పకుండా వినండి

"అక్కడ లీగల్ కదా, డల్లాస్ వెళ్లాక కొంటా" అనుకునేవాళ్లు ఉన్నారు. ఆగండి. అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ, తూటా గానీ దగ్గర ఉంచుకోవడమే నేరం. ఎఫ్-1 అందులోకే వస్తుంది, హెచ్-1బి కూడా అంతే. కొన్ని మినహాయింపులు ఉన్నాయి. ముఖ్యమైనది, ఏదైనా రాష్ట్రం ఇచ్చిన చెల్లుబాటు అయ్యే హంటింగ్ లైసెన్స్ ఉండటం.

చాలామందికి తెలియని పాయింట్: షూటింగ్ రేంజ్‌లో గన్ అద్దెకు తీసుకుని కాల్చినా "దగ్గర ఉంచుకోవడం" కిందే లెక్క. రూమ్‌మేట్ గన్ చేతిలో పట్టుకుని ఫొటో దిగి స్టోరీ పెడితే, మీ మీద సాక్ష్యం మీరే పెట్టినట్టు. 2022 నుంచి ఈ నేరానికి గరిష్ఠ శిక్ష 15 ఏళ్లు. జైలు దాకా వెళ్లకపోయినా వీసా మీద దెబ్బ పడొచ్చు. ఇక్కడ అమ్మానాన్న పొలం కాగితాలు బ్యాంకులో పెట్టి లోన్ తెచ్చి పంపించారు. ఒక్క ఫొటో కోసం అదంతా పణంగా పెట్టొద్దు.

మరి మన దగ్గర?

మన దేశంలో 1959 ఆర్మ్స్ యాక్ట్, దాని కింద 2016 ఆర్మ్స్ రూల్స్ నడుస్తున్నాయి. సింపుల్‌గా చెప్తా.

ట్రిగ్గర్ నొక్కి పట్టుకుంటే పేలుతూనే ఉండేవి నిషేధిత ఆయుధాలు. చట్టవిరుద్ధంగా అలాంటిది దగ్గర ఉంటే 7 నుంచి 14 ఏళ్ల జైలు. పిస్టళ్లు వేరే కేటగిరీలో ఉంటాయి కాబట్టి వాటిని పక్కన పెడదాం. సెమీ ఆటోమేటిక్ రైఫిళ్లు, పాయింట్ 303, 7.62 ఎంఎం లాంటి సైనిక తూటాలు పట్టే రైఫిళ్లు రిస్ట్రిక్టెడ్ కేటగిరీ. వీటి లైసెన్స్ కేంద్ర హోం శాఖ చేతిలో ఉంటుంది. ప్రాణానికి తీవ్రమైన ముప్పు ఉన్నవాళ్ల లాంటి కొద్దిమందికే అది దొరుకుతుంది. "నాకు పాత గన్స్ అంటే ఇష్టం సార్" అనే కారణం అక్కడ పని చేయదు.

ఇంకోటి, 2019 సవరణ తర్వాత ఒక మనిషికి రెండు తుపాకులే పరిమితి. అంతకు ముందు మూడు ఉండేవి. తాతల నుంచి వచ్చినవి కూడా ఆ రెండింటి లెక్కలోకే వస్తాయి. లైసెన్స్ కావాలంటే వయసు 21 నిండాలి. అంటే పేలే తుపాకులతో "కలెక్షన్" పెట్టడం మన చట్టం కింద చాలా కష్టం.

మన ఏరియాలో జరిగే మూడు సంగతులు

మొదటిది, ఫంక్షన్లలో గాల్లోకి కాల్చడం. ఫామ్‌హౌస్ బర్త్‌డే అయినా, బరాత్ అయినా, గన్‌కి లైసెన్స్ ఉన్నా సరే, జనం ప్రాణాలకు ప్రమాదం కలిగేలా కాలిస్తే రెండేళ్ల దాకా జైలు, లేదా లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. పైకి పోయిన తూటా పైనే ఉండిపోదు, కిందికి దిగుతుంది. ఎవరి మీద పడుతుందో మనకి తెలియదు.

రెండోది, తాత తుపాకీ. పాత కుటుంబాల్లో పెద్దాయన చనిపోతే ఆయన లైసెన్స్ మీకు దానంతట అదే రాదు. ఆలస్యం చేయకుండా దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌లో గానీ, లైసెన్స్ ఉన్న డీలర్ దగ్గర గానీ డిపాజిట్ చేసి, తర్వాత మీ పేరు మీద అప్లై చేసుకోవాలి. బీరువాలో అలాగే దాచితే లైసెన్స్ లేని ఆయుధం కింద రెండేళ్ల నుంచి ఐదేళ్ల శిక్ష పడే కేసు అవుతుంది.

మూడోది, శంషాబాద్ ఎయిర్‌పోర్ట్. అమెరికా నుంచి వచ్చే కజిన్‌ని "అన్నా, ఒక బుల్లెట్ తీసుకురా, కీచైన్ చేసుకుంటా" అని అడగొద్దు. బ్యాగులో ఒక్క తూటా దొరికినా కేసు పెడతారు. చట్టంలో తుపాకీ అంటే దాని పార్టులు కూడా. తెలియక బ్యాగులో ఉండిపోయిందని కోర్టులో నిరూపించుకుని బయటపడినవాళ్లు ఉన్నారు. కానీ అప్పటిదాకా లాయర్, వాయిదాలు, తిరుగుడు తప్పవు.

ఇష్టం ఉంటే ఏం చేయాలి?

ఇష్టం తప్పు కాదు. గన్ వెనక ఇంజినీరింగ్, చరిత్ర నిజంగా ఇంట్రెస్టింగ్. చూడాలనుంటే సాలార్‌జంగ్ మ్యూజియంలో ఆయుధాల గ్యాలరీ ఉంది. ఇంకా దగ్గర్లో గోల్కొండ కోట. పెట్ల బురుజు మీద ఫతే రహ్‌బర్ ఫిరంగి ఇప్పటికీ ఉంది. 1687లో ఔరంగజేబు ముట్టడి నాటిది.

ఇంట్లో పెట్టుకోవాలంటే, రిపేర్ చేసినా ఇక పేలని పాత వస్తువులకి చట్టంలో 45వ సెక్షన్ కింద మినహాయింపు ఉంది. కానీ "ఇది పేలదు" అని అమ్మేవాడి మాట నమ్మి కొనకండి. ముందు లైసెన్సింగ్ అధికారుల దగ్గర కనుక్కోండి.

కాల్చాలనే ఉంటే స్పోర్ట్‌గా నేర్చుకోండి. గచ్చిబౌలి పక్కన సెంట్రల్ యూనివర్సిటీ క్యాంపస్‌లో షూటింగ్ రేంజ్ ఉంది. మన హైదరాబాద్ గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లోనే కాంస్యం కొట్టాడు. అందులో వాడేది 4.5 ఎంఎం పెల్లెట్. బెల్ట్ లేదు, పొగ లేదు, ఒక్కో షాట్‌కి ఊపిరి బిగబట్టి గురి పెట్టడమే. రీల్‌లో 250 తూటాలు పేల్చడం కంటే అది చాలా కష్టం.

ఈ ఎపిసోడ్‌ని అమెరికా వెళ్లబోతున్న మీ ఫ్రెండ్‌కి ఒకసారి ఫార్వర్డ్ చేయండి. బుల్లెట్ కీచైన్ అడిగే తమ్ముడికి కూడా పంపండి. డౌట్స్ ఉంటే కామెంట్‌లో రాయండి. మళ్లీ కలుద్దాం, ఉంటాను.