కొఱికెడు ప్రాణియు దాని యోగక్షేమములును

మా యాకుత్‌పురా గల్లీలలో ఇండ్లు ఇఱుకైనవి. కుక్కను పెంచుటకే చోటు చాలదు. ఆవును గూర్చి తలంప బనిలేదు. అందుచేత మన విద్యార్థులలో కొందఱు గినీపందులను, కుందేళ్ళను, తెల్ల యెలుకలను తెచ్చి పెంచుకొనుచున్నారు. తెచ్చిన వారము దినములలోనే వారు ఉపాధ్యాయుల యొద్దకు రెండు ఫిర్యాదులతో వచ్చుట పరిపాటి. “అది కనబడినదెల్ల కొఱుకుచున్నది” యనునది మొదటిది. “అది ఏమియు తినకున్నది” యనునది రెండవది. మొదటి దానికి ఇంటివారు కోపింతురు. రెండవదానికి “రేపు తినునులే” యని యూరకుందురు. నిజమునకు తొందరపడవలసినది రెండవదానికే.

గడచిన వర్షాకాలమున ఆఱవ తరగతి బాలు డొకడు రెండు గినీపందులను కొని తెచ్చెను. అవి వచ్చిన మూడవనాడే దర్వాజా మూల కొఱికి, భూగోళ పుస్తకపు అట్టను చీల్చినవి. తండ్రి విసిగి వానిని ఒక రేకుపెట్టెలో నుంచి, పాలలో నానిన రొట్టెయు, చక్కెర బిస్కత్తులును పెట్టించెను. కొఱుకుటకు అందులో పుల్ల యైనను లేదు. కొన్ని వారములకు వానిలో నొకటి మేత ముట్టుట మాని, రెండు దినములలో చచ్చిపోయెను. రెండవదాని గవదక్రింద వెండ్రుకలు తడిసియుండుట ఆ బాలుని తల్లి కనిపెట్టెను. “ఇది నీరు త్రాగిన తడి కాదు, చొంగ. పండ్లు వచ్చెడు శిశువునకు కాఱినట్లు కాఱుచున్నది” అని ఆమె చెప్పెనట. ఆమె యూహ చాలవఱకు నిజమే. పశువైద్యుడు నోరు తెఱపించి చూచి, లోపలి దవడపండ్లు పెరిగి నాలుకపై కమ్ముకొని యున్నవని చెప్పి, వానిని అరగదీసెను. ఆ ప్రాణి బ్రదికినది.

పండ్లు అట్లేల పెరిగినవి? మన పండ్లు ఒకమాఱు పెరిగి నిలిచిపోవును. ఎలుక, ఉడుత, గినీపంది మొదలగు కొఱికెడు ప్రాణుల ముందరిపండ్లు జీవితాంతము పెరుగుచునే యుండును. ఎలుకకు క్రింది ముందరిపండ్లు వారమునకు రెండు మూడు మిల్లీమీటర్లు పెరుగును. ఆ పంటికి ముందువైపున మాత్రమే గట్టి పింగాణి వంటి పూత యుండును, వెనుకవైపు మెత్తన. కొఱికినకొలది మెత్తని భాగము త్వరగా నరిగి, గట్టి భాగము వాడిగా నిలుచును. వడ్రంగి ఉలిని సానపట్టవలెను. ఎలుక ఉలికి అది చేయు పనియే సాన.

గినీపంది యొక్క విశేషము మఱియొకటి. ఎలుకకు ముందరిపండ్లే పెరుగును గాని, గినీపందికి ఇరువది పండ్లును పెరుగును. ముందరిపండ్లను కఱ్ఱ యరగదీయును; దవడపండ్లను కఱ్ఱ యరగదీయలేదు. వానికి గడ్డియే ఆకురాయి. గడ్డిలోని గరుకు పదార్థమును ప్రక్కప్రక్కకు నమలుటచే అవి సమముగా నరుగును. పాలరొట్టె నమలక మ్రింగునట్టిది. కాబట్టి ఆ బాలుని యింట జరిగిన తప్పిదము రెండు విధములైనది: కొఱుకుటకు కఱ్ఱ లేదు, నమలుటకు గడ్డి లేదు.

ఇచ్చట పేరును గూర్చి యొక మాట. గినీపంది పందియు గాదు, గినీ దేశమునకు చెందినదియు గాదు. దక్షిణ అమెరికాలోని ఆండీసు కొండలవారు వేల సంవత్సరముల క్రిందట మచ్చికచేసిన ప్రాణి. ఎలుకజాతిలో పందిని చూచుట మనకును క్రొత్త గాదు. మన పందికొక్కు పేరునే ఇంగ్లీషువారు ‘బాండికూటు’ అని మార్చి తమ భాషలో చేర్చుకొనిరి.

ఆ గినీపందికి చిలీ దేశమున ఒక దాయాది గలదు. దాని పేరు డేగూ. 1767లో స్పెయిను రాజు జెస్యూటు గురువులను తన రాజ్యములనుండి వెడలగొట్టినప్పుడు, వారిలో నొకడగు హువాన్ ఇగ్నాసియో మోలినా ఇటలీలోని బొలోన్యా నగరము చేరి, విడిచివచ్చిన మాతృదేశపు జంతువులను గూర్చి వ్రాసెను. 1782లో ఆయన డేగూను లోకమునకు తెలిపి, దానిని ఉడుత యని యెంచెను. తరువాతి శాస్త్రజ్ఞులు దానికి ‘ఎనిమిది పంటిది’ యను నర్థమిచ్చు పేరు పెట్టిరి. పండ్లు ఎనిమిదియని కాదు, దవడపంటి పైభాగము ఇంగ్లీషు ఎనిమిది అంకెవలె నుండుటచేత. దాని పండ్లును ఇరువదియే, అన్నియు పెరుగునవే. ఐరోపా, అమెరికా దేశములలో దీనిని ఇండ్లలో పెంచుకొందురు. క్రొత్తగా తెచ్చినవారు దాని ముందరిపండ్లు నారింజవన్నెతో నుండుట చూచి రోగమని బెదరుదురు. అది దానికి ఆరోగ్యపు వన్నె, తెల్లబాఱినచో విచారింపవలెను. గినీపందికి తెల్లపండ్లే సహజము.

డేగూను ఇంతగా చెప్పుటకు కారణము చక్కెర. దాని శరీరము తీపిని సహింపదు. తీపిపండ్లు, బిస్కత్తులు మరగినచో మధుమేహము వచ్చి, కన్నులలో శుక్లములు త్వరగా క్రమ్మును. గినీపంది అంత సుకుమారము గాకున్నను, చక్కెరయు పిండిపదార్థములును దాని కడుపులోని సూక్ష్మజీవులను తారుమారు చేయును. ముద్దునకు పెట్టిన బిస్కత్తు విషమువలె పనిచేయుట ఇట్లే.

మఱి యేమి పెట్టవలెను? ఎండుగడ్డి ఎల్లప్పుడును ఎదుట నుండవలెను. దానికి మితము లేదు. గరికయు మంచిదే. కాని రైలుకట్ట ప్రక్కను, మోరీల యొద్దను పెరిగిన గరికను కోయరాదు. అచ్చట మురుగునీరును, కలుపుమందును ఉండవచ్చును. మేకల కమ్మెడు లూసర్ను గడ్డిలో సున్నపుపాలు ఎక్కువ; ఎదిగిన గినీపందికి దినదినము పెట్టినచో మూత్రాశయమున రాళ్ళు ఏర్పడవచ్చును. కొఱుకుటకు ఎండిన జామకొమ్మలు శ్రేష్ఠము. వీథుల నడుమ పూలకై నాటిన గన్నేరు కొమ్మను మాత్రము ముట్టనీయరాదు, అది ప్రాణాంతకము. రంగువేసిన కఱ్ఱయు, విద్యుత్తు తీగయు నట్లే. తీగను కొఱికిన ప్రాణిని దండించుటకంటె తీగను గోడపై నెత్తుగా కట్టుట సులభము.

గినీపంది మనవలెనే తన దేహములో సి విటమినును తయారు చేసికొనలేదు. 1907లో నార్వే దేశమున హోల్‌స్ట్, ఫ్రోలిక్ అను నిరువురు గినీపందులకు ధాన్యము మాత్రము పెట్టి, నావికులకు వచ్చు స్కర్వీ రోగమే వానికిని వచ్చుట చూచిరి. ఆ రోగమును గూర్చి మనుష్యులు నేర్చినదానిలో చాల భాగము ఈ చిన్న ప్రాణివలననే. కీళ్ళు వాచి, నడువనొల్లక మూల నక్కిన గినీపందిని ‘బద్ధకస్థు’డని నవ్వుట అన్యాయము. దానికి దినమునకు కావలసినది పది మొదలు ముప్పది మిల్లీగ్రాములు. నూఱు గ్రాముల జామపండులో 200 మిల్లీగ్రాములకు మించి యుండును గనుక సన్నని ముక్క యొకటియు, కొన్ని కొత్తిమీర రెమ్మలును చాలును. విటమినును నీటిలో కలిపి పెట్టుట వ్యర్థము, త్వరలో చెడిపోవును.

ఇక మందుల సంగతి. దీనిని తల్లిదండ్రులు శ్రద్ధగా చదువ గోరెదను. ఇంట శిశువున కిచ్చిన అమాక్సిసిలిను మందు మిగిలియున్నదని జబ్బుపడిన గినీపంది నోట పోయుదురు. పెనిసిలిను జాతి మందులు నోటిద్వారా పోయినచో దాని ప్రేగులలోని మంచి సూక్ష్మజీవులు నశించి, విషము పుట్టించునవి ప్రబలి, కొలది దినములలో అది చచ్చును. 1940 మే 25న ఆక్స్‌ఫర్డులో పెనిసిలినును ఎనిమిది చిట్టెలుకలపై పరీక్షించిరి. వ్యాధి నెక్కించిన వానిలో మందు పొందని నాలుగును తెల్లవాఱునప్పటికి చచ్చెను. మందు పొందినవి బ్రదికియుండెను. నాడు చిట్టెలుకలకు బదులు గినీపందులను తీసికొనియుండినచో ఆ మందును విషమని పాఱవేసి యుందురేమో! కాబట్టి మన యింటి సీసా దానికి వలదు. రాజేంద్రనగరు పశువైద్య కళాశాలకు కొనిపోవుట మేలు.

కొందఱు పిల్లలు అది తన పెంటికలను తానే తినుచున్నదని అసహ్యించుకొందురు. అది రోగము గాదు. గడ్డి నుండి సారము ఒక్కమాఱుగా రాదు. పెద్దప్రేగు మొదట తయారైన మెత్తని పెంటికలను మరల తిని మిగిలిన పోషణను గ్రహించును. ఆవు నెమరువేయుట వంటిదే, త్రోవ మాత్రము వేఱు.

మన నగరపు ఎండ మే నెలలో నలువది డిగ్రీలు దాటును. ముప్పది దాటినప్పుడే గినీపంది రొప్పసాగును, దానికి చెమట పట్టదు. రేకుకప్పు క్రింద పంజరము నుంచినచో ఒక మధ్యాహ్నములో ప్రాణము పోవచ్చును. తడిపిన మట్టికుండను అడ్డముగా పెట్టి దానిలో దూరనిచ్చుట మంచి యుపాయము.

తినుటలేదను దినమును ఎన్నడును గడువనీయరాదు. దాని కడుపు నిరంతరము నడచుచుండవలసినది. ఒక పగలు, ఒక రాత్రి నిలిచినచో మరల నడపుట కష్టము. రోగము కంటికి కనబడుటకు ముందే బరువు తగ్గును. కావున వారమునకొకమాఱు తూచి వ్రాసికొనవలెను. ఎదిగినది సాధారణముగా ఏడువందల గ్రాములనుండి పండ్రెండువందల గ్రాములవఱకు తూగును. ఆ యాఱవ తరగతి బాలుడు ఇప్పుడు ప్రతి శుక్రవారమును కిరాణా దుకాణపు త్రాసులో దానిని తూచి, లెక్కల నోటుపుస్తకము చివర వ్రాయుచున్నాడు. దుకాణదారుడు మొదట నవ్వెనుగాని, ఇప్పుడు తానే బరువు అడుగుచున్నాడట.

చచ్చినదానికి బదులు తోడుగా మఱియొకదానిని తెచ్చిరి. ఒంటరిగా నుండుట ఆ జాతికి సరిపడదు. దర్వాజా మూల కొఱికిన గుర్తులు అట్లే యున్నవి. పండుగకు తండ్రి రంగు వేయింపబోగా, రంగులో సీసముండవచ్చునని కుమారుడు అడ్డుపడెనట.