ప్రకటన వేయకూడని వృత్తిలో క్లయింట్లు ఎలా వస్తారు?

చార్టర్డ్ అకౌంటెంటు పని కోసం పత్రికలో ప్రకటన వేయకూడదు. కరపత్రం పంచినా, ఓ వ్యాపారి దగ్గరకు తానుగా వెళ్లి పని అడిగినా అది వృత్తిపరమైన దుష్ప్రవర్తన. 1949 నాటి చార్టర్డ్ అకౌంటెంట్ల చట్టం మొదటి షెడ్యూలు ఆ మాట స్పష్టంగానే చెబుతోంది. టెండర్లకు స్పందించడం లాంటి కొద్దిపాటి మినహాయింపులు ఉన్నాయి. క్లయింటును తెచ్చిపెట్టిన బయటివాళ్లకు ఫీజులో కమీషను ఇవ్వడమూ తప్పే. వకీళ్ల సంగతీ దాదాపు ఇంతే. బార్ కౌన్సిల్ 36వ నిబంధన వాళ్ల ప్రకటనలకు అడ్డుకట్ట వేసింది. 2008లో సవరించాక వెబ్‌సైటు పెట్టుకోనిచ్చినా పేరు, చిరునామా, అర్హతలు, చూసే కేసుల రకం వంటి కొన్ని వివరాలకే అనుమతి. అమెరికాలో 1977లోనే బేట్స్ కేసులో అక్కడి సుప్రీంకోర్టు లాయర్ల ప్రకటనలను మొత్తంగా నిషేధించడం చెల్లదంది. అందుకే అక్కడ రోడ్ల పక్క హోర్డింగుల మీద లాయర్ల ముఖాలు కనిపిస్తాయి.

మరి గుంటూరులోనో వరంగల్లులోనో ఆఫీసు తెరిచిన ఆడిటరుకు పని ఎక్కడి నుంచి రావాలి? ఎక్కువగా పాత క్లయింట్ల నోటి నుంచే. రైసుమిల్లు యజమాని తన బావమరిదికి చెబుతాడు. ఆ ఆఫీసులో ఆర్టికల్స్ (శిక్షణ) చేసి కంపెనీ ఉద్యోగానికి వెళ్లిన కుర్రాళ్లు తమ పాత సారు పేరు చెబుతారు. అంటే ఉన్న క్లయింటును ఎలా చూసుకున్నారన్నదే ఈ వృత్తిలో మార్కెటింగ్.

ఇందులో ఒక చిక్కుంది. చీర కొన్నవాడు ఇంటికెళ్లి ఉతికి చూస్తే రంగు నిలిచిందో లేదో తెలుస్తుంది. రిటర్ను సరిగ్గా వేశారో లేదో మాత్రం వేసిన తర్వాతా క్లయింటుకు తెలియదు. కొన్నాక కూడా నాణ్యత తేల్చుకోలేని, నమ్మకం మీదే నడిచే ఇలాంటి సేవల గురించి డార్బీ, కార్నీ అనే ఆర్థికవేత్తలు 1973లోనే రాశారు. లెక్కల లోతు చూడలేని క్లయింటు తన కంటికి కనిపించేవాటిని బట్టే ఆడిటరును తూకం వేస్తాడు: ఫోను ఎత్తుతున్నాడా, నోటీసు వస్తే అర్థమయ్యే మాటల్లో చెబుతున్నాడా, ఇచ్చిన కాగితాలు మళ్లీ మళ్లీ అడుగుతున్నాడా. పనిలో ఎంత దిట్ట అయినా ఈ చిన్న విషయాలు పట్టించుకోని ఆడిటరు క్లయింట్లను పోగొట్టుకుంటాడు. అది అన్యాయమే కావచ్చు, కానీ జరిగేది అదే.

2017 జూలై 1న జీఎస్టీ వచ్చాక ఈ బంధం తీరు మారింది. అంతకుముందు చాలామంది చిన్న వ్యాపారులకు ఆడిటరు గుర్తొచ్చేది ఆదాయపు పన్ను గడువు దగ్గర పడినప్పుడు. ఇప్పుడు నెలవారీ రిటర్నులు వేసేవాళ్లు అమ్మకాల వివరాలను మరుసటి నెల 11లోపు, పన్ను చెల్లింపు రిటర్నును సాధారణంగా 20లోపు ఇవ్వాలి. సరుకు అమ్మినవాడు తన బిల్లు ఎక్కించకపోతే కొన్నవాడికి ఆ బిల్లు మీద కట్టిన పన్ను జమ రాదు; ఆ మేరకు సొంత డబ్బు కట్టుకోవాలి. గడువు తేదీ సాయంత్రం ‘మీ జమ తగ్గింది, ఇంత కట్టండి’ అని కబురు పంపే ఆడిటరు ఉంటాడు. ‘ఫలానా సప్లయర్ బిల్లులు ఇంకా కనిపించడం లేదు, ఒకసారి అడగండి’ అని ముందుగానే ఫోను చేసేవాడూ ఉంటాడు. ఇద్దరూ వేసేది ఒకటే రిటర్ను. వ్యాపారి తన బావమరిదికి చెప్పేది మాత్రం రెండోవాడి పేరే. చెడువార్త తొందరగా చెప్పడం కన్నా నమ్మకం పెంచేది ఈ వృత్తిలో మరొకటి లేదు.

బంధం ఎక్కువగా చెడేది ఫీజు దగ్గర. తగ్గించిన పన్నులో ఇంత శాతం అని ఫీజు మాట్లాడుకోవడాన్ని చట్టం సాధారణంగా ఒప్పుకోదు. కాబట్టి ఏ పనికి ఎంతో, నోటీసులకు జవాబు అందులో కలిసిందో లేదో మొదట్లోనే రాసుకోవడం మేలు. మొహమాటపడి రాసుకోని చోట, ఫోనులో అడిగిన సలహా ఉచితమేనని క్లయింటు అనుకుంటాడు, వేరేగా బిల్లు వేయాలని ఆడిటరు అనుకుంటాడు. చిన్న ఊళ్లో గోప్యత మరీ ముఖ్యం. ఒకే వీధిలో పోటీపడే రెండు నగల దుకాణాల లెక్కలూ ఒకే ఆఫీసులో ఉండవచ్చు. ఒకరి వివరాలు రెండోవారి చెవిన పడితే ఇద్దరూ పోతారు; పైగా అనుమతి లేకుండా క్లయింటు సమాచారం బయటపెట్టడం చార్టర్డ్ అకౌంటెంట్ల చట్టం రెండో షెడ్యూలు కింద నేరుగా దుష్ప్రవర్తనే. విడిపోవడానికీ ఒక పద్ధతి ఉంది. ఆడిటు బాధ్యత తీసుకునే కొత్త ఆడిటరు ముందుగా పాతాయనకు రాతపూర్వకంగా తెలియజేయాలి.

అయితే ఆడిటులో చనువు మరీ పెరిగినా ప్రమాదమే. హైదరాబాద్‌లోని సత్యం కంప్యూటర్స్ లెక్కలు ఏళ్ల తరబడి తప్పుడువని 2009 జనవరి 7న దాని ఛైర్మనే లేఖ రాసి ఒప్పుకున్నప్పుడు, ఆ ఏళ్లలో సంతకాలు చేసిన ఆడిటర్ల మీదకు ప్రశ్నలు మళ్లాయి. తర్వాత వచ్చిన 2013 కంపెనీల చట్టం లిస్టెడ్ కంపెనీలకు, నిర్ణీత స్థాయి దాటిన ఇతర కంపెనీలకు ఆడిటరును మార్చడం తప్పనిసరి చేసింది: వ్యక్తి అయితే అయిదేళ్లకు, సంస్థ అయితే వరుసగా రెండు అయిదేళ్ల విడతలకు మించి కొనసాగకూడదు. 144వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఆడిటరు అదే కంపెనీకి ఖాతాలు రాసిపెట్టడం, పెట్టుబడి సలహాలివ్వడం వంటి పనులు చేయరాదు. ఉన్న క్లయింటుకే మరో సేవ అమ్మమనే మార్కెటింగ్ సూత్రం ఇక్కడ చెల్లదు.

దుకాణాలకు, చిన్న భాగస్వామ్య సంస్థలకు ఈ మార్పిడి నియమం లేదు. తండ్రి లెక్కలు చూసిన ఆడిటరే కొడుకు లెక్కలూ చూస్తాడు. అక్కడ గట్టి పరీక్ష ఆడిటరు వృత్తి నుంచి తప్పుకునేటప్పుడు వస్తుంది. క్లయింటు నమ్మింది మనిషిని, ఆఫీసు బోర్డును కాదు. అందుకే ముందుచూపున్న ఆఫీసుల్లో ప్రతి క్లయింటుతోనూ ఇద్దరు మాట్లాడుతుంటారు. చిన్న భాగస్వామి కొన్నేళ్లపాటు పెద్దాయన పక్కన కూర్చుని, ఆ తర్వాతే ఫైలు చేతిలోకి తీసుకుంటాడు.