మండే పాదం, మొద్దుబారిన పాదం: మధుమేహ నాడీ వ్యాధిపై అపోహలు – వాస్తవాలు

నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద వరి పండించే గరిడేపల్లి మండలంలో నాట్లు మొదలుకొని కోతలు ముగిసేదాకా మనిషి పాదం చాలావరకు చెప్పు లేకుండానే బురదలో, గట్లమీద, కొయ్యకాళ్ళ నడుమ తిరుగుతూ ఉంటుంది కనుక, పాదానికి స్పర్శ ఉండడమన్నది సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల మధ్యనున్న ఈ పల్లెలకు బతుకుతెరువుతో ముడిపడిన సంగతి. భారత వైద్య పరిశోధన మండలి తోడ్పాటుతో జరిగి 2023లో వెలువడిన దేశవ్యాప్త సర్వే ప్రకారం పెద్దవారిలో 11.4 శాతం మందికి, అంటే 10 కోట్లకు పైగా జనానికి మధుమేహం ఉంది. వారిలో దాదాపు సగం మందికి జీవితకాలంలో ఎప్పుడో ఒకప్పుడు నాడులు దెబ్బతింటాయి. అయితే ఆ దెబ్బ ఒకరికి రాత్రంతా అరికాళ్ళ మంటగా, చీమలు పాకినట్లుగా, సూదులు గుచ్చినట్లుగా తెలిసివస్తే, మరొకరికి ఏ నొప్పీ లేకుండా, చెప్పు జారిపోయినా తెలియనంత మొద్దుబారడంగా పరిణమిస్తుంది. ఒకే వ్యాధి ఇలా రెండు దారులు ఎందుకు పడుతుందన్నదే గత రెండు దశాబ్దాల పరిశోధనకు కేంద్రమైన ప్రశ్న. ప్రజల్లో నాటుకున్న అపోహలు కూడా ఎక్కువగా ఈ ప్రశ్న చుట్టూనే అల్లుకుని ఉన్నాయి.

అపోహలకు కొంత మాట కూడా కారణం. వాడుక తెలుగులో ‘నరం’ అంటే రక్తనాళమూ కావచ్చు, కండర బంధమూ కావచ్చు, మెదడుకు కబురు మోసే తీగా కావచ్చు. గ్రంథాలు ఆ తీగకు వాడే ‘నాడి’ అన్న మాటను జనం మణికట్టు దగ్గర కొట్టుకునే నాడిగా అర్థం చేసుకుంటారు. అందుకే ‘నరాలు దెబ్బతిన్నాయి’ అని వైద్యుడు చెబితే రక్తం ఆడడం లేదని ఇంట్లోవారు అనుకుని, కాళ్ళు పిసికి, కాపడం పెట్టి, రక్తం పలచబడే మందులు అడుగుతారు. రక్తనాళాల జబ్బు కూడా మధుమేహంలో రావచ్చు గాని, అది వేరు. ఇక్కడి విషయం స్పర్శను, వేడిని, నొప్పిని మోసే నాడీతంతువులది. నడుము నుంచి కాలివేళ్ళ దాకా సాగే ఈ తంతువులు శరీరంలో అన్నిటికన్నా పొడవైనవి కాబట్టి, అధిక చక్కెర వల్ల తంతువుల లోపలి జీవక్రియ, వాటిని పోషించే సన్నని రక్తనాళాలు చెడినప్పుడు ముందుగా దెబ్బతినేది వాటి కొసలే. అందువల్లనే స్పర్శలోపం మేజోళ్ళు తొడిగినట్లుగా వేళ్ళ నుంచి పైకి పాకుతుంది.

అపోహ: నొప్పి లేదు కాబట్టి కాళ్ళకు ఏ ప్రమాదమూ లేదు.

ఈ నమ్మకం చేసినంత చేటు మరేదీ చేయలేదు. నొప్పి కాపలాదారు, ఆ కాపలా లేని పాదానికి ఏం జరుగుతుందో ప్రపంచానికి మొదట స్పష్టంగా తెలిసింది మధుమేహం వల్ల కాదు, కుష్ఠు వల్ల, అదీ తెలుగునేలకు పొరుగునే ఉన్న వేలూరులో. 1946లో అక్కడి క్రైస్తవ వైద్య కళాశాలలో చేరిన శస్త్రవైద్యుడు పాల్ బ్రాండ్, కుష్ఠు రోగుల వేళ్ళు వ్యాధివల్ల కుళ్ళి రాలిపోవని, నొప్పి తెలియక పదేపదే తగిలే గాయాల వల్లనే అవి నశిస్తాయని నిరూపించాడు. ఆయన 1966లో అమెరికాలోని లూసియానా రాష్ట్రంలో ఉన్న కార్‌విల్ కుష్ఠు ఆసుపత్రికి వెళ్ళిన తరువాత అదే అవగాహన మధుమేహుల పాదాల సంరక్షణకు పునాది అయింది. కుష్ఠు పాదాలకు వాడిన మెత్తని మైక్రోసెల్యులర్ రబ్బరు అడుగుల చెప్పులనే, అంటే ఎంసీఆర్ చెప్పులనే, నేడు మధుమేహులకూ సూచిస్తున్నారు. తుమ్మముల్లు దిగినా, బ్లేడుతో ఆనె కోసుకుంటే తెగినా, వేసవి మధ్యాహ్నం మట్టపల్లి నరసింహస్వామి గుడి బండలమీద ప్రదక్షిణ చేస్తుండగా అరికాలు బొబ్బలెక్కినా నొప్పి లేనివాడు నడుస్తూనే ఉంటాడు; చీము వాసన వచ్చేదాకా పుండు సంగతి బయటపడదు.

ఇందులోనే మరొక మోసం దాగి ఉంది. ఏళ్ళ తరబడి మండిన పాదం ఒకనాడు చల్లబడితే, అది మందు గుణమో పథ్యం ఫలమో కావచ్చు గాని, మంటను మోసే సన్నని తంతువులే నశించి ఉండడం కూడా సాధ్యమే. స్పర్శ పరీక్ష చేయకుండా ఈ రెండింటిలో ఏది జరిగిందో తేల్చడం కుదరదు.

అపోహ: నాడి ఎంత చెడితే నొప్పి అంత, పరీక్షలో ఏమీ కనబడకపోతే నొప్పి మనసులోదే.

ఇంగ్లండు వాయవ్య ప్రాంతంలో 15,692 మంది మధుమేహులను పరిశీలించి 2011లో ప్రచురించిన అధ్యయనం ఈ లెక్కను తలకిందులు చేసింది. తీవ్రమైన నాడీ నష్టం ఉన్నవారిలో 60 శాతం మందికి నొప్పి లక్షణాలు ఉన్నాయి గాని, పరీక్షలో చెప్పుకోదగిన నష్టం కనబడనివారిలోనూ 26 శాతం మందికి అవే లక్షణాలు ఉన్నాయి. నష్టానికీ నొప్పికీ సంబంధం ఉందన్నమాట నిజమే. ఒకటి మరొకదానికి కొలబద్ద కాదన్నదీ అంతే నిజం. తెలుగువారు ప్రత్యేకంగా గమనించవలసిన అంశం అదే అధ్యయనంలో ఉంది: అక్కడ స్థిరపడిన దక్షిణాసియా సంతతివారిలో నాడీ నష్టం తక్కువగా ఉన్నా, నొప్పి లక్షణాల ముప్పు ఇతరులకన్నా 50 శాతం ఎక్కువగా కనబడింది. స్త్రీలలోనూ ఈ ముప్పు పురుషులకన్నా ఎక్కువే. నాట్లకు వంగి వంగి నడుం పట్టేసిన ఆడమనిషి రాత్రి అరికాళ్ళు మండుతున్నాయంటే పని చేసిన అలుపని కొట్టిపారేయడం ఎంత అన్యాయమో ఈ అంకెలు చెబుతున్నాయి.

పరీక్షలో కనబడకపోవడానికీ కారణం ఉంది. సాధారణంగా చేసే నాడీవాహక పరీక్ష స్పర్శను, కంపనాన్ని మోసే లావు తంతువులను మాత్రమే కొలుస్తుంది. నొప్పిని, వేడిని మోసే సన్నని తంతువుల నష్టం తెలియాలంటే చర్మపు చిన్న ముక్కలోని తంతువులను సూక్ష్మదర్శిని కింద లెక్కించాలి, లేదా కంటి నల్లగుడ్డుపై పారదర్శక పొరలోని నాడులను ప్రత్యేక యంత్రంతో చూడాలి.

ఇక నొప్పి పుట్టుక విషయంలో పరిశోధకులు నాడి కొస నుంచి మెదడు దాకా వెతుకుతున్నారు. నాడీతంతువు గోడలో సోడియం చానెళ్ళనే సూక్ష్మ ద్వారాలు ఉంటాయి; అవి తెరుచుకున్నప్పుడే కబురు కదులుతుంది. వాటిలో ఎన్ఏవీ 1.7 అనే ద్వారం పుట్టుకతోనే పనిచేయనివారికి నొప్పి అన్నదే తెలియదని 2006లో పాకిస్తాన్ కుటుంబాలపై జరిగిన అధ్యయనం తేల్చింది. దానికి ఎదురుదిశలో, 2018లో వెలువడిన అధ్యయనంలో నొప్పితో కూడిన మధుమేహ నాడీ వ్యాధి ఉన్న 111 మందిలో 10 మందికి ఈ ద్వారపు జన్యువులో అరుదైన మార్పులు కనబడగా, నొప్పి లేని 78 మందిలో ఒక్కరికీ కనబడలేదు. ఇంగ్లండులోని షెఫీల్డ్ పరిశోధకులు వెన్నుపాము నుంచి వచ్చే స్పర్శ కబుర్లకు కూడలి వంటి థాలమస్ అనే మెదడు భాగాన్ని చిత్రీకరించి, నొప్పి ఉన్నవారిలో అక్కడి రక్తప్రసరణ నొప్పి లేనివారికి భిన్నంగా ఉందని చూపారు. నొప్పి మెదడులో నమోదవుతుందనడం వేరు, కల్పితమనడం వేరు. ఈ తేడా తెలియకనే ఎందరో రోగులు సొంత ఇంటివారి నమ్మకాన్నే పోగొట్టుకుంటున్నారు.

అపోహ: మందులు, ఇన్సులిన్ మొదలుపెట్టాకే మంటలు వచ్చాయి, కాబట్టి ఆపేయాలి.

ఈ మాటలో సగం నిజం ఉన్నందువల్లనే ఇది చెరగడం లేదు. చాలా ఎక్కువగా ఉన్న చక్కెర కొద్ది నెలల్లోనే వేగంగా పడిపోయినప్పుడు కొందరికి తీవ్రమైన మంటలు పుడతాయన్నది 1933 నుంచి వైద్యులకు తెలిసినదే. మూడు నెలల సగటు చక్కెరను సూచించే హెచ్‌బీఏ1సీ ఎంత వేగంగా తగ్గితే ఆ ముప్పు అంత పెరుగుతుంది. ఇది సాధారణంగా కొన్ని నెలల్లో నెమ్మదిస్తుంది. దీనికి విరుగుడు వైద్యుని సలహాతో నిదానంగా తగ్గించడమే గాని మానేయడం కాదు. అలాగే చక్కెరను తగ్గించే మెట్‌ఫార్మిన్‌ను ఏళ్ళ తరబడి వాడేవారిలో బి12 విటమిన్ తగ్గి, దానివల్ల కూడా తిమ్మిర్లు రావచ్చు. రక్తపరీక్షతో అది తెలుస్తుంది, భర్తీ చేస్తే సరిపోతుంది.

అపోహ: షుగర్ ఉన్నవారికి వచ్చే తిమ్మిర్లన్నీ షుగర్ వల్లనే.

మద్యం, థైరాయిడ్ లోపం, నడుములో నాడి ఒత్తుకుపోవడం, కుష్ఠు కూడా ఇవే లక్షణాలు చూపుతాయి. సూర్యాపేట 2016 వరకు భాగంగా ఉన్న పాత నల్గొండ జిల్లాలో ఫ్లోరైడ్ నీరు తాగినవారికి వెన్నెముక ఎముక పెరిగి వెన్నుపామును నొక్కడం వల్ల కాళ్ళు మొద్దుబారి బిగుసుకుపోవడమూ ఉంది.

అపోహ: బలం సూదులు, నొప్పి మాత్రలు వేసుకుంటే నరాలు గట్టిపడతాయి.

బి12 లోపం లేనివారికి ఆ సూదులు ఈ నొప్పిని తీర్చగలవనడానికి బలమైన ఆధారం లేదు. ఒళ్ళునొప్పులకు వాడే డైక్లోఫెనాక్ వంటి మాత్రలు నాడీనొప్పికి దాదాపు పనిచేయవు సరికదా, మధుమేహంతో ఇప్పటికే అలసిన మూత్రపిండాలను ఇంకా దెబ్బతీస్తాయి. అమిట్రిప్టిలిన్, డులోక్సెటిన్, ప్రిగాబాలిన్ అనే మూడు మందులను పోల్చి బ్రిటన్‌లో 130 మందిపై జరిగి 2022లో వెలువడిన పరీక్షలో, ఏది ముందు మొదలుపెట్టినా ఫలితం ఇంచుమించు సమానమనీ, ఒక్కటి చాలనప్పుడు రెండోది చేరిస్తే మరికొంత ఉపశమనం దొరుకుతుందనీ తేలింది. ఇవి నొప్పిని తగ్గిస్తాయి గాని నాడిని బాగుచేయవు.

అపోహ: మొద్దుబారిన కాళ్ళకు వేడినీళ్ళ కాపడం మంచిది.

వేడి తెలియని పాదాన్ని ఉప్పువేసిన వేడినీటిలో పెట్టడం కాల్చుకోవడమే. స్పర్శ ఉందో లేదో తెలుసుకోవడానికి ఏ పరికరమూ అవసరం లేదు. ఇంగ్లండులోని ఇప్స్‌విచ్ వైద్యులు రూపొందించి 2011లో ప్రచురించిన పద్ధతిలో, కళ్ళు మూసుకుని పడుకున్న మనిషి రెండు పాదాల బొటనవేలు, నడిమివేలు, చిటికెనవేలు కొసలను ఇంటివారు చూపుడువేలితో ఒకటి రెండు సెకన్లు సుతారంగా, నొక్కకుండా, గుచ్చకుండా తాకుతారు, తాకినప్పుడల్లా చెప్పమంటారు. ఆరు చోట్లలో రెండు గాని అంతకన్నా ఎక్కువ గాని తెలియలేదంటే ఆ పాదానికి కాపలా పోయినట్లే. అటువంటివారు నొప్పి లేకపోయినా వైద్యునికి పాదాలు చూపించుకోవాలి, రోజూ రాత్రి అరికాళ్ళు, వేళ్ళ సందులు ఇంటివారి చేత చూపించుకోవాలి, చెప్పులో చెయ్యిపెట్టి తడిమి చూశాకనే కాలు పెట్టాలి.