తాతకు మనవడి పాఠం

మా మామగారు నలభై ఏళ్ళు మిరప పండించారు. గుంటూరు యార్డులో ఏ టిక్కీ ఎంత తూగిందో కాగితం చూడకుండా చెప్పగల మనిషి. అటువంటివారు కిందటి ఉగాదినాడు, అమ్మిన కాయల డబ్బు చేతికొచ్చిందా అని ఒక్క పూటలో మూడుసార్లు అడిగారు.

మొదట నవ్వుకున్నాం. తరువాత భయపడ్డాం. భయంలో ఒక పొరపాటు చేశాం. పద్దుల పుస్తకం తీసేసుకున్నాం. బీరువా తాళమూ తీసేసుకున్నాం. "మీకెందుకు మామయ్యగారూ, కూర్చోండి" అన్నాం. ఆయన కూర్చున్నారు. కూర్చుని కూర్చుని మాటలు కూడా తగ్గించేశారు.

డాక్టరుగారు రక్తపరీక్ష చేయించారు. థైరాయిడ్ లోపం వల్లా, బి-12 లోటు వల్లా కూడా మరుపు వస్తుందట; వాటికి మందులున్నాయట. మామగారికి ఆ రెండూ లేవు. "రక్తపోటు, వినికిడి చూపించుకుంటూ ఉండండి. రోజూ నడిపించండి. బుర్రకు ఏదైనా పని కల్పించండి" అన్నారాయన.

ఆ పని కల్పించింది మా పదేళ్ళవాడు. సెలవుల్లో తాతచేత అరుగుమీద పులిజూదం గీయించుకున్నాడు. మూడు పులులు, పదిహేను మేకలు. ఒక్క గీతైనా తప్పలేదాయన!

తెలిసిన ఆట సరే, కొత్తదో? వాడు చదరంగం తెచ్చాడు. శకటు ఐమూలగా పోతుందని పొద్దున చెబితే సాయంత్రానికి మరిచేవారు. గుర్రం నడకకు వారం పట్టింది. "నిన్ననేగా చెప్పాడు" అని నేననబోతే వాడు నావంక గుడ్లురిమి చూశాడు. ఎన్నిసార్లడిగినా అదే మొదటిసారన్నట్టు చెప్పేవాడు. 2001లో గ్రాండ్‌మాస్టరైన మన గుంటూరు హరికృష్ణకు చిన్ననాడు ఆట నేర్పింది తాతగారేనట. మా ఇంట్లో వరస తిరగబడింది!

న్యూయార్కులో 75 ఏళ్ళు దాటిన 469 మందిని ఏళ్ళ తరబడి పరిశీలించి, 2003లో వైద్యులు ఒక సంగతి ప్రకటించారు: ఇటువంటి ఆటలాడేవారిలో మతిమరుపు జబ్బు తక్కువగా కనిపించిందని. ఆటవల్లే తగ్గిందో, చురుకైనవారే ఆటకు కూర్చుంటారో మాత్రం దానితో తేలలేదు.

ఏమాటకామాటే చెప్పాలి, ఆట మందు కాదు. కాయల డబ్బు సంగతి మామగారు ఇప్పటికీ అడుగుతారు. కాని మొన్న సాయంత్రం బంటు జరిపి, "నీ మంత్రి పోయాడు, చూసుకోరా" అన్నారు. వాడు నిజంగానే చూసుకోలేదు.

మర్నాడు పద్దుల పుస్తకం తిరిగి ఆయన ముందు పెట్టాను. ఆయన చెబుతారు, నేను రాస్తాను. లెక్క తప్పితే ఇద్దరం కలిసి మళ్ళీ కూడుకుంటాం.