క్యాజువాలిటీలో ఎత్తు కొలిచే టేపు

బాసరలో పిల్లవాడికి రాత్రిపూట ఆయాసం ముదిరినా, ఆడుతూ పడి చెయ్యి విరిగినా ప్రయాణం భైంసాకో, గోదావరి వంతెన దాటి నిజామాబాద్‌కో. క్యాజువాలిటీలో అడుగుపెట్టగానే నర్సుకు తెలియాల్సింది పిల్లవాడి బరువు. పిల్లల మందులు చాలావరకు బరువు లెక్కనే ఇస్తారు; పారాసిటమాల్ అయితే కిలోకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు. తూచే వీలు లేకపోతే వయసుకు 4 కలిపి రెట్టింపు చేసే పాత సూత్రం ఒకటుంది. దాని ప్రకారం ఎనిమిదేళ్ల వయసుకు 24 కిలోలు. బక్క పిల్లలకు ఆ అంకె ఎక్కువవుతుంది, దొడ్డు పిల్లలకు తక్కువవుతుంది. అందుకే తూచడమే మేలు.

తూచిన బరువు కేస్ షీట్‌లోకి ఎక్కుతుంది. ఎత్తు మాత్రం తరచుగా ఎక్కదు. ఊబకాయం బయటపడకుండా పోయేది ఇక్కడే. 45 కిలోల పదేళ్ల అబ్బాయి ఎత్తు 140 సెంటీమీటర్లు అనుకుందాం. కిలోలను మీటర్లలోని ఎత్తు వర్గంతో భాగిస్తే బీఎంఐ దాదాపు 23. ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టికలో ఆ వయసుకు అది ఊబకాయమే. బాసర ట్రిపుల్ ఐటీలో చదివే పదిహేడేళ్ల కుర్రాడికి అదే 23 వస్తే ఆ పట్టిక ప్రకారం మామూలే. పెద్దలకు వాడే ఒకే గీత పిల్లలకు పనికిరాదు. వయసు, ఆడా మగా చూసి పట్టికలో చదవాలి. భారతీయ పిల్లల వైద్యుల సంఘం మన పిల్లల కోసం 2015లో వేరే పట్టికలు ఇచ్చింది.

ఎత్తు కొలవడం అత్యవసర విభాగంలోనే ఎందుకు? జ్వరానికో దెబ్బకో తప్ప ఆస్పత్రి గడప తొక్కని పిల్లలు మన పల్లెల్లో ఎందరో. వాళ్లకు పిల్లల డాక్టరు కనిపించేది ఆ ఒక్కరోజే. పైగా ఊబకాయానికీ అక్కడికి తెచ్చే బాధలకూ చుట్టరికం ఉంది. ఉబ్బసం దానితో మొండికేస్తుంది. పదేళ్లు దాటిన లావుపాటి పిల్లలు మోకాలి నొప్పితో కుంటుతుంటే తుంటి ఎముక తల జారిందేమో చూడాలి. మోకాలికి మాత్రమే ఎక్స్‌రే తీసి పంపితే అది దొరకదు. మెడ వెనక నల్లగా, మందంగా మారిన చర్మాన్ని చాలా ఇళ్లలో మురికనుకుని రుద్దుతారు. అది ఇన్సులిన్ సరిగా పనిచేయడం లేదనడానికి గుర్తు కావచ్చు.

మన దగ్గర లావు గురించి మాట్లాడటం అవసరమా అనే ప్రశ్న న్యాయమైనదే. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశంలోని ఐదేళ్లలోపు పిల్లల్లో 32 శాతం తక్కువ బరువుతో ఉన్నారు. అధిక బరువు 3.4 శాతమే, అయితే 2015–16లో అది 2.1. ఆదిలాబాద్ వైపు బక్కచిక్కిన పిల్లల్ని గుర్తించడమే ముందు పని అని నేనూ అంటాను. కానీ ఎత్తు, బరువు కలిపి చూస్తే బక్క పిల్లలూ, దొడ్డు పిల్లలూ ఒకే కొలతలో దొరుకుతారు.

ప్రాణాపాయంలో ఉన్న పిల్లవాడి దగ్గర టేపు పట్టుకుని నిలబడమని ఎవరూ అనరు. వాంతులు, విరేచనాలతో బరువు తగ్గుతుంది, కిడ్నీ జబ్బు వాపుతో పెరుగుతుంది, కట్టు కూడా బరువే. కాబట్టి ఆ రోజు దొరికింది అనుమానం మాత్రమే, కోలుకున్నాక మళ్లీ కొలవాలి. ఆ మాట చెప్పేది కూడా ఇంటికి పంపే వేళ, పక్కకు పిలిచి, పిల్లవాణ్ణి నలుగురిలో "దొడ్డోడు" అనకుండా. "అమ్మా, బాబు బరువు ఎత్తుకు మించి ఉంది, నెల తర్వాత పిల్లల ఓపీకి తీసుకురండి" అంటే చాలు. చీటీలో ఎత్తు, బరువు, తేదీ మూడూ రాసిస్తే, బడికొచ్చే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందం తమ కొలతను దానితో పోల్చుకోగలదు.